మా మేడం టిక్ తీసేసిన వరుస

మా మేడం పోయిన సంగతి నాకు నందికొట్కూరు నుంచి కర్నూలు వచ్చే బస్సులో తెలిసింది. ఫోన్ చేసింది మా ఆఫీసు సర్వేయరన్న.

"మే, యాడుండావు?" అన్నాడు.

"బస్సులో ఉండా అన్నా. ఇంకా లేటవుతాది. మేడంకు నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"ఎవరికి చెప్పాల మే? మేడం పోయింది. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చునిందంట. గుండె. ఆస్పత్రి దాకా కూడా పోలేదంట."

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు సిగ్గేసింది. ఆలస్యానికి ఆమెకు ఏ అబద్ధం చెప్పాలా అని బస్సెక్కినప్పటి నుంచి అల్లుకుంటూ వస్తున్నాను మరి. వినాల్సిన మనిషి పోయింది, అబద్ధం నా నోట్లో మిగిలిపోయింది.

ఆ తర్వాత దినాల రోజున నలుగురిలో లేచి ఆమె గురించి ఒక మాట అన్నాను. విన్నవాళ్లందరికీ బాగుంది. ఆ మాట నిజం కాదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ, ఎందుకు తీసుకుంటున్నాననీ ఆ రోజు అక్కడున్నవాళ్లకూ, లేనివాళ్లకూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా ఆఫీసు కర్నూలులో ఒక టైర్ల షాపు పైన రెండు గదులు. మేడం, ఒకప్పుడు సర్వే పని చేసినందుకు ఆ పేరు నిలిచిపోయిన సర్వేయరన్న, నేను. కంప్యూటర్‌లో మ్యాపులు తయారు చేయడం మా పని. అలా చెబితే మేమే ఊళ్లన్నీ తిరిగి కొలిచి గీస్తామనుకుంటారు. కొలిచేవాళ్లు వేరే. మా దగ్గరికి ఊళ్లు చుక్కలుగా, రోడ్లూ వాగులూ గీతలుగా, చెరువులూ పొలాలూ మూసిన ఆకారాలుగా వస్తాయి. ఒక్కో రకం ఒక్కో పొర. వచ్చినప్పుడు అన్నీ ఒకే మందంలో, సాఫ్ట్‌వేర్ తనకు తోచిన రంగులో ఉంటాయి. జాతీయ రహదారికీ బండిబాటకూ తేడా ఉండదు. ఏ గీత లావుగా ఉండాలి, ఏ చుక్క ఎర్రగా ఉండాలి, ఏ ఊరి పేరు పెద్ద అక్షరాల్లో కనపడాలి అన్నది మేము తేలుస్తాం. "వాండ్లు కని పంపిస్తారు, మనం బట్టలు తొడుగుతాం" అనేవారు మేడం.

డిగ్రీ చేతపట్టుకుని చేరిన కొత్తలో నాకు ఇది పిల్లలు రంగులు నింపుకునే ఆటలా అనిపించింది. మొదటి వారమే తాగునీటి మ్యాప్ ఒకటి నా చేతికిచ్చారు. నీళ్లు చాలినన్ని ఉన్న ఊళ్లకు నీలం, నీళ్లకు కటకటలాడే ఊళ్లకు పసుపు వేశాను. నీలం అంటే నీళ్లు, పసుపు అంటే జాగ్రత్త. ఇంతకంటే తెలివైన పని ఇంకొకటి ఉండదనుకున్నాను. మేడం చూసి దగ్గొచ్చేదాకా నవ్వారు. కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి కేకేశారు.

"భాయ్, ఒకసారి పైకి రాప్పా!"

టైర్ల షాపు భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకు అంటించిన మ్యాప్ చూశాడు. "అరే, ఏ ఎలక్షన్‌ది మేడం ఇది? మా అత్తగారి ఊరిని పసుపులో పెట్టినారే. వాండ్లు చూస్తే ఊరుకోరు, ముందే చెప్తాండా."

"విన్నావా మే? నీకు నీళ్లు కనపడినాయి, భాయ్‌కు ఓట్లు కనపడినాయి. రేపు మీటింగ్‌కు వచ్చేటోళ్లంతా భాయ్ లాంటోళ్లే."

"మరి ఏం రంగు వేయాల మేడం?"

"మట్టి రంగు. లేత మట్టి, ముదురు మట్టి, మాడిన మట్టి. మన సీమలో ఏ పార్టీ పట్టుకోని రంగు అదొకటే మిగిలుండాది."

భాయ్ మెట్లు దిగుతూ "అదీ ఎన్నాళ్లుంటాదో" అనడం నాకింకా వినిపిస్తోంది.

ప్రింటు తీసిన ప్రతి మ్యాప్‌నూ ఆమె గోడకు అంటించి, వెనక్కి నడిచి, తలుపు దాటి, మెట్ల దగ్గర నిలబడి కళ్లు సగం మూసుకుని చూసేవారు. నన్నూ అలాగే చూడమనేవారు. "అక్షరాలు చదవొద్దు. ఏది ముందు కంటికి తగులుతాదో చెప్పు. అదే నీ మ్యాప్ చెప్పే మాట. కింద నువ్వు ఏం రాసుకున్నా సరే." ఆమె అలా నిలబడి ఉంటే మెట్లెక్కి వచ్చే కొరియర్ మనిషి కూడా ఆగి కళ్లు చికిలించేవాడు.

శనివారాలు స్టీలు డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెచ్చేవారు. కీబోర్డు దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. తిట్టడం మొదలుపెడితే కింద షాపులో వినపడేది. తిట్టిన కాసేపటికే "తిన్నావా మే?" అని అడిగేవారు. ఆ రెండు మాటల మధ్య ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. ఏది కోపమో ఏది ప్రేమో పోల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆమెది కడప జిల్లాలో జమ్మలమడుగు పక్క పల్లె. బాగా పొలమున్న కుటుంబం. చిన్నప్పుడు నాన్న గండికోటకు తీసుకుపోయి, అంచున నిలబెట్టి పెన్న లోయ చూపించాడట. ఈమె భయంతో నేల మీద కూర్చుండిపోయారట. "అంత లోయను మనం ఒక నీలం గీత కింద పెడతాం. పెట్టక తప్పదు, కాగితం అంతే ఉంటాది. పెట్టేటప్పుడు కొంచెం సిగ్గుండాల" అని చెప్పేవారు. అప్పుడు నాకది పెద్దవాళ్లు ఊరికే అనే మాటలా వినిపించింది.

ఇప్పుడు ఆ వరుస సంగతి చెప్పాలి.

ఊళ్ల పొరకు గుర్తులు పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ఏ రకం ఊరికి ఏ గుర్తో చెబుతాం. గ్రామానికి ఒకటి, తండాకు ఒకటి, కాలనీకి ఒకటి. చివర్న ఇంకో వరుస తనంతట తానే వస్తుంది. మిగతావన్నీ. ఏ రకంలోనూ పడనివి, రకం రాయకుండా ఖాళీగా వదిలేసినవి అందులోకి చేరతాయి. ఆ వరుస పక్కనున్న టిక్ తీసేస్తే అవి పొరలో ఉంటాయి గానీ మ్యాప్ మీద కనపడవు. సాధారణంగా అక్కడ చేరేది చెత్తే. ఒకే ఊరికి రెండోసారి పడిన చుక్కలు, సర్వేవాళ్ల చెయ్యి తగిలి పడినవి. మేడంకు ఆ చిల్లర చుక్కలంటే చిరాకు. బేతంచెర్ల పక్క పల్లెలకు కొత్తగా వేసే తాగునీటి పైపుల మ్యాప్ చేసినప్పుడు కూడా అలవాటుగా టిక్ తీసేశారు. పక్కన కూర్చున్న నేను "ఇప్పుడు శుభ్రంగా ఉంది మేడం" అన్నాను. నిజంగానే అందంగా వచ్చింది. తాగునీటి ఇంజనీరు దాన్ని తన గదిలో గోడకు పెట్టుకున్నాడని విని మేడం ఆ రోజంతా కూనిరాగం తీశారు.

పోయిన ఎండాకాలం ఒక పెద్దమ్మ మా మెట్లెక్కి వచ్చింది. జుట్టు అంచుల్లో రాతిపొడి, చేతిలో ఖాళీ నీళ్ల సీసా.

"ఊర్లు గీసే ఆఫీసు ఇదేనా?"

"ఊర్లు కాదు పెద్దమ్మా, మ్యాపులు గీస్తాం" అన్నాడు సర్వేయరన్న.

"ఆఁ, అదే. మా కొట్టాలు తీసేసినోళ్లు ఎవరు?"

మేడం లేచి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. బేతంచెర్ల దగ్గర నాపరాయి క్వారీ పక్కన వాళ్ల గుడిసెలు; వాటినే కొట్టాలంటారు. రాయి కొట్టడానికి నాలుగు దిక్కుల నుంచి వచ్చి అక్కడే నిలిచిపోయినవాళ్లు. "పైపుల గుంత మా ఇండ్ల ముందర్నుంచే పోతాంది. మాకు కొళాయి యాడ అని మేస్త్రీని అడిగితే కాగితం తీసినాడు. ఈడ ఊరే లేదు పో అన్నాడు. నేను వాని ముందర నిలబడి ఉండా. నా వెనకాల ఇండ్లు ఉండాయి, పిల్లోళ్లు ఆడుకుంటాండారు. లేదు అంటాడు! ఆ కాగితం చేసినోళ్లు ఎవరని అడిగితే మీ ఆఫీసు చెప్పినారు. మేము క్వారీ గుంతలో నీళ్లు ముంచుకుంటాండాం మ్మా. సున్నం కలిపినట్టు ఉంటాయి. పిల్లోళ్లకు కడుపునొప్పి పోదు."

మేడం ఫైలు తెరిచారు. పొరలో ఆ చోట చుక్క ఉంది. పేరు కూడా ఉంది. రకం అన్న గడి మాత్రం ఖాళీ. గ్రామమా, తండానా, కాలనీనా అన్నది కొలిచినవాళ్లకు తేలక వదిలేశారు. మేడం చివరి వరుసలో టిక్ పెట్టారు. తెర మీద చుక్క లేచింది.

"ఖాళీ వదిలింది సర్వే వాండ్లు మేడం. మన తప్పేముండాది?" అన్నాడు అన్న.

"ఖాళీ వాండ్లది. టిక్ తీసిన చెయ్యి నాది." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగారు. "నీ ఊరు ఉండాది మ్మా. నేనే కనపడకుండా చేసినా."

"ఏంటికి మ్మా? మేమేం చేసినాం నీకు?"

మేడం తెర మీది చుక్క వైపు చూశారు. మా ఇద్దర్నీ తిట్టడానికి ఎన్నడూ మాట వెతుక్కోని మనిషి. చివరికి "చూసేదానికి బాగుంటాదని" అన్నారు.

పెద్దమ్మ నవ్వింది. "నిజమేలే. మా ఇండ్లు చూసేదానికి ఏం బాగుంటాయి" అంది. ఆ నవ్వులో వెటకారం లేదు. ఉంటే మాకు కాస్త తేలికయ్యేది.

సవరించిన మ్యాప్ ఆ రోజే మొదలుపెట్టాం. కొట్టాలకు ఏ గుర్తు పెట్టాలని అడిగాను. ఇతర అని రాసి, చిన్న బూడిదరంగు చుక్క పెడదామన్నాను. మేడం నా వైపు చూసిన చూపుకు మౌస్ వదిలేశాను. "ఊరికి పెట్టిన గుర్తే పెట్టు. నీళ్లు తాగేటోళ్లందరికీ ఒకటే గుర్తు."

ఆ మ్యాప్ తీసుకుని ఇంజనీరు దగ్గరికి ఇద్దరం పోయాం. ఆయన చెడ్డవాడేం కాదు. "పైపు పొడిగించాలంటే ముందు మ్యాప్ ఎందుకు తప్పయిందో పైకి చెప్పాల. సర్వేలో పొరపాటు అనేసెయ్యండి మేడం. ఎవరికీ నొప్పి ఉండదు" అన్నాడు. నేను కూడా మేడం చెవిలో "అదే అనండి మేడం" అన్నాను. గదిలో ఇంకా చాలామంది ఉన్నారు.

మేడం గొంతు అసలే పెద్దది. "పొరపాటు మాది సార్. ఊరు కొలతల్లో ఉండాది. నేను దాచిపెట్టినా. నా పొరపాటుకు వాండ్లు క్వారీ గుంతలో నీళ్లు తాగుతాండారు."

అందరూ తిరిగి చూశారు. నేను తల దించుకుని కింద పరిచిన బండల అతుకులు చూస్తూ కూర్చున్నాను. ఆమె పక్కన ఉన్నందుకు నాకు సిగ్గేసింది. ఇంకెవరైనా మాకు పని ఇస్తారా అని భయం. ఇంత గట్టిగా చెప్పాలా అని కోపం. తిరిగి వస్తూ ఆటోలో ఆమె అడిగారు.

"సిగ్గయిందా మే?"

"అయింది మేడం."

"నాకూ అయింది. పోగొట్టుకోవద్దు, పనికొస్తాది."

అప్పటి నుంచి ప్రతి సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, ఆమె ఆ మ్యాప్ చుట్టి పట్టుకుని ఇంజనీరు గది ముందు కూర్చునేవారు. నేను తోడు రానని ఎన్నడూ అనలేదు. సోమవారాలు నాకు ఏదో ఒక పని పడేది, అంతే. "ఈ వారం ఏమన్నారు మేడం?" అంటే "వచ్చే వారం అన్నారు" అని నవ్వేవారు. పైపు పొడిగింపు ఫైలు కదులుతూనే ఉంది. ఆమె పోయింది.

దినాల రోజు వాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. భోజనాలకు ముందు కొందరు మాట్లాడారు. ఇంజనీరూ వచ్చాడు. ఒకరు ఆమె గీతలో వంకర లేదన్నారు, ఇంకొకరు ఆమె పనిలో మచ్చ లేదన్నారు. మైకు నా చేతికి వచ్చింది. ఉగ్గాని సంగతి చెబుదామనుకున్నాను, రంగుల సంగతి చెబుదామనుకున్నాను. అందరి ముఖాలూ ఒకే రకం మాట కోసం ఎదురు చూస్తున్నట్టు ఉన్నాయి. నా నోట్లోంచి ఇది వచ్చింది: "మా మేడం చేతిలో తప్పు పడిన మ్యాప్ ఒక్కటి కూడా లేదు."

తలలు ఊగాయి. ఎవరో కళ్లు ఒత్తుకున్నారు. మైకు ఇచ్చేసి చూస్తే, షామియానా చివర, నీళ్ల డ్రమ్ము పక్కన కొట్టాల పెద్దమ్మ కూర్చుని ఉంది.

చేతులు కడుక్కునే చోట ఇంజనీరు కలిశాడు. "బాగా చెప్పినావమ్మా. నేను ముందునుంచీ అంటానే ఉండా, ఆ కొట్టాల విషయం మేడం ఊరికే తన మీద వేసుకునిందని. ఇప్పుడు పోయిన మనిషి పేరుకు మచ్చ ఏంటికి? ఆ ఫైలు మూసేద్దాంలే." మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. నేను తల ఊపానో లేదో నాకే తెలియదు. ఊపే ఉంటాను.

పెద్దమ్మ వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"పాపా, మీ మేడం తప్పే చేయలేదంటివే. అంటే మేము లేనట్టేనా?"

అన్నం తినకుండా వచ్చేశాను. మేడం కూడా ఒకప్పుడు ఆ మనిషి ముందు మాట రాక నిలబడ్డారు. కానీ ఆమె చివరికి నిజం చెప్పారు. నేను ఆమెను మెచ్చుకోవాలన్న తొందరలో ఆమె కొన్ని నెలలుగా చేస్తున్న పనినే చెరిపేశాను. మ్యాప్ శుభ్రంగా ఉండాలని ఆమె ఒక ఊరిని కనపడకుండా చేస్తే, ఆమె శుభ్రంగా కనపడాలని నేను అదే ఊరిని రెండోసారి తీసేశాను.

ఆ వచ్చిన సోమవారం చుట్టిన మ్యాప్ పట్టుకుని నేనే పోయాను. పిలిచేదాకా గది ముందు కూర్చున్నాను. లోపల ఎప్పటిలాగే జనం.

"మళ్లీ ఏందమ్మా? ఆ రోజు మైకులో ఒకటి చెప్పి, ఈడ ఇంకొకటి చెప్తాండావా?" అన్నాడు ఇంజనీరు.

"మైకులో చెప్పింది అబద్ధం సార్. మా మేడం తప్పు చేసింది. ఆమె చేసేటప్పుడు నేను పక్కన కూర్చుని బాగుంది అన్నా. ఊరు ఉండాది. ఫైలు మూయద్దు."

నా గొంతు ఆమెలా పెద్దది కాదు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పేటప్పుడు గదిలో అందరూ విన్నారు. ఆయన మ్యాప్ విప్పించి చాలాసేపు చూశాడు. "బుధవారం జాగా చూసేదానికి వస్తాను. ఎవరినన్నా ఉండమను" అన్నాడు.

బుధవారం సర్వేయరన్న, నేను ముందే పోయాం. పైపుల గుంతను మట్టితో పూడ్చి, గుర్తుగా ఒక రాయి నిలబెట్టారు. అక్కడి నుంచి కొట్టాల దాకా ఎర్రమట్టి, మధ్యలో లారీల బాట. ఇంజనీరు జీపు దిగి "లైను ఎట్ల రావాలంటారు?" అన్నాడు. నేను మ్యాప్ తెరవబోయేలోగా పెద్దమ్మ ఇంట్లోకి పోయి ఒక బేసిను తెచ్చింది. అందులో బండల పాలిష్ ఫ్యాక్టరీల వెనక పారబోసే రాతిపొడి, తెల్లగా, పిండిలా ఉంది. వంగి, గుప్పిట్లోంచి సన్నగా వదులుతూ, రాయి దగ్గర మొదలుపెట్టి గీత పోసుకుంటూ నడిచింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆ గీత నుంచి ఒక్కో గడపకూ చిన్న గీతలు తీశారు. ఇంజనీరు ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. పైకి పంపిస్తానన్నాడు. అవుతుందని ఆయన మాట ఇవ్వలేదు, మేమూ అడగలేదు. సోమవారం మళ్లీ వస్తానని మాత్రం చెప్పాను.

జీపు పోయాక బండల లోడుతో ఒక లారీ ఆ గీత మీదుగానే పోయింది. టైర్లు పడినంత మేర తెలుపు చెదిరి, ఎరుపులో కలిసిపోయింది. పెద్దమ్మ దుమ్ము అణిగేదాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. తర్వాత బేసిను తీసుకుని వచ్చి, తెగిన చోట కూర్చుని, ఈసారి గీతను ఇంకాస్త లావుగా పోయడం మొదలుపెట్టింది.